డైరీలో అయిదు నంబర్లు

ఏటా నవంబరు ఒకటిన ఆ పెద్దాయన పుట్టినరోజు. ఆరోజు పోస్టులో ఓ పార్సిల్ వస్తుంది. విప్పితే ఫ్రేము కట్టిన ఎండు పువ్వు! ఎవరు పంపారో ఉండదు. అది చేతికందగానే ఆయన ఫోన్ చేసేది రిటైరైన ఓ పోలీసు అధికారికి. ముప్పై అయిదేళ్లుగా ఇదే తంతు.

స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ తొలి నవల మొదలయ్యేది ఇలాగే. 2005లో స్వీడిష్‌లో అచ్చయింది. 2008లో 'ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ' పేరుతో ఇంగ్లిషులోకి వచ్చింది. 2009లో స్వీడన్‌లో, 2011లో హాలీవుడ్‌లో సినిమాగా తీశారు. సినిమా చూసేశాం కదా, ఇక పుస్తకమెందుకు అనుకునేవాళ్ల కోసమే ఈ వారం ముచ్చట.

పెద్దాయన పేరు హెన్రిక్ వాంగర్. 82 ఏళ్ల పారిశ్రామికవేత్త. 1966లో ఆయన అన్నగారి మనవరాలు, పదహారేళ్ల హారియట్ మాయమైంది. సరిగ్గా ఆరోజే వంతెన మీద ట్యాంకర్ ప్రమాదం జరిగి, వాళ్లుండే దీవికి రాకపోకలు ఆగిపోయాయి. మరి పిల్ల ఎటు పోయినట్టు? కేసు చూసిన మోరెల్ అనే పోలీసు అధికారి వెతకని చోటు లేదు. దొరికిందల్లా ఆమె డైరీలో రాసుకున్న అయిదు పేర్లు, వాటి పక్కన అయిదు నంబర్లు. ఫోన్ నంబర్లేమోనని ఆరా తీశాడు. ఏమీ తేలలేదు.

చివరి ప్రయత్నంగా పెద్దాయన ఓ విలేకరిని పిలుస్తాడు. అతనే మికాయెల్ బ్లూమ్‌క్విస్ట్. పరువునష్టం కేసులో ఓడిపోయి, జైలుశిక్ష పడి, తలెత్తుకోలేని స్థితిలో ఉన్నాడు. పోలీసు ఫైళ్లన్నీ చదివేశాక అతను వెళ్లేది ఎక్కడికనుకున్నారు? స్థానిక పత్రిక ఆఫీసుకి! హారియట్ మాయమైన రోజు ఊళ్లో ఊరేగింపు జరిగింది. ఆనాటి ఫొటోల్లో పేపర్లో వేసినవి కొన్నే. మిగతావన్నీ నెగెటివ్‌లుగా బీరువాల్లో ఉండిపోయాయి. వాటిని వరసగా పేర్చి చూస్తే, గుంపులో నిలబడ్డ హారియట్ ఎవరినో చూసి బెదిరిపోయినట్టు కనిపిస్తుంది. ఎవరిని? అదే గుంపులో ఇంకొకావిడ కూడా కెమెరాతో ఉంది... ఆవిడ తీసిన ఫొటో దొరికితే? పాత పత్రికల కట్టలు పాత కాగితాలవాడికి వేసేద్దామనేవాళ్లకు ఈ అధ్యాయాలు చదివి వినిపించాలి.

అన్నట్టు, ఆ నంబర్ల గుట్టు విప్పింది పోలీసూ కాదు, విలేకరీ కాదు. విలేకరి కూతురు! తండ్రిని చూడటానికి వచ్చి, తిరిగి వెళ్తూ యథాలాపంగా అనే ఒక్క మాటతో కథ మలుపు తిరుగుతుంది. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఏళ్లలో జరిగిన ఆడవాళ్ల హత్యలు... ఎక్కడి ఫైలు అక్కడే మూతపడింది. వాటన్నిటినీ ఒకచోట చేర్చి చూసినవాళ్లే లేరు.

ఇక్కడే నవల అసలు పేరు గుర్తుచేసుకోవాలి. స్వీడిష్ పేరుకు అర్థం 'ఆడవాళ్లను ద్వేషించే మగవాళ్లు'. ఇంగ్లిషులో దాన్ని తీసేసి పచ్చబొట్టు పిల్ల పేరు పెట్టారు. అమ్మకాలకు కలిసొచ్చి ఉండవచ్చు గానీ రచయిత చెప్పదలచిన మాట మాత్రం అట్ట మీంచి చెరిగిపోయింది. నవల నాలుగు భాగాలు. ప్రతి భాగానికీ ముందు, స్వీడన్‌లో స్త్రీల మీద హింస గురించి ఒక లెక్క ఉంటుంది. లైంగిక దాడికి గురైనవారిలో 92 శాతం మంది పోలీసుల దగ్గరకే వెళ్లలేదన్నది చివరిది. పచ్చబొట్టు పిల్ల, అంటే కంప్యూటర్ల గుట్టుమట్లు లాగే లిస్బెత్ సాలాండర్ కూడా వెళ్లదు. ఎందుకు వెళ్లదో చదివితే తెలుస్తుంది. ఆ ఘట్టాలు చాలా కఠినంగా ఉంటాయి. ఇంట్లో పిల్లల చేతికి ఇవ్వాల్సిన పుస్తకం కాదిది.

లోపాలూ ఉన్నాయి. మొదటి వంద పేజీలు నత్తనడకే. వాంగర్ల కుటుంబంలో ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండాలంటే కాగితం మీద వంశవృక్షం గీసుకోవాల్సిందే. ఇక వాళ్లు తాగే కాఫీలకు లెక్కే లేదు!

లార్సన్ కూడా పత్రికా మనిషే. మితవాద తీవ్రవాదుల గుట్టు బయటపెట్టే 'ఎక్స్‌పో' పత్రికను నడిపాడు. మూడు నవలలు రాసి ప్రచురణకర్తకు ఇచ్చాడు. 2004 నవంబరు 9న ఆఫీసులో లిఫ్టు పనిచేయక ఏడంతస్తులు మెట్లెక్కి, గుండెపోటుతో పోయాడు. వయసు 50. మొదటి నవల కూడా అచ్చులో చూసుకోలేదు. ఆ మూడూ కలిపి ఎనిమిది కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. ముప్పై ఏళ్లకు పైగా కలిసి బతికిన ఎవా గాబ్రియెల్సన్‌కు ఆ ఆస్తిలో హక్కు రాలేదు. పెళ్లి చేసుకోలేదు, చెల్లుబాటయ్యే వీలునామా లేదు. చట్టప్రకారం అంతా తండ్రికీ, తమ్ముడికీ వెళ్లింది.

హంతకుడెవరో ఇక్కడ చెప్పను. అయితే అది తేలాక అసలు చిక్కు మొదలవుతుంది. విలేకరి చేతిలో పెద్ద వార్త ఉంది. రాస్తే, ఎలాగో బతికి బయటపడ్డ ఓ మనిషి మళ్లీ వీధిన పడాలి. రాయకపోతే, చనిపోయిన ఆడపిల్లల ఇళ్లవాళ్లకు ఏం జరిగిందో తెలియదు. బ్లూమ్‌క్విస్ట్ తీసుకున్న నిర్ణయం నాకు మింగుడు పడలేదు. అతనికీ పడదు. సాలాండర్ మాత్రం ఊరికే ఒప్పుకోదు. ఆ కుటుంబాలకు పరిహారం ఇవ్వాలనీ, ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే కేంద్రాలకు ఏటా సొమ్ము కట్టాలనీ షరతు పెట్టి, అప్పుడు నోరు మూసుకుంటుంది.