ట్రయథ్లాన్‌: యువ క్రీడాకారులకు శిబిరాలు నేర్పవలసినది ఏమిటి?

ఈత, సైక్లింగ్‌, పరుగు. ఈ మూడింటినీ విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తి చేయవలసిన క్రీడ ట్రయథ్లాన్‌. 2000లో సిడ్నీలో ఇది తొలిసారి ఒలింపిక్‌ క్రీడ అయింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మిశ్రమ రిలే కూడా చేరింది. ఇంతవరకు భారత క్రీడాకారులెవరూ ఒలింపిక్‌ ట్రయథ్లాన్‌ బరిలో నిలవలేదు. దక్షిణాసియా క్రీడల్లో మాత్రం 2016, 2019 సంవత్సరాల్లో భారత్‌ స్వర్ణాలు గెలుచుకుంది.

ఈ అంతరానికి శారీరక దారుఢ్యం కొరవడటమే కారణమని చాలామంది భావిస్తారు. దారుఢ్యం అవసరమే. ఒలింపిక్‌ పోటీలో 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైక్లింగ్‌, 10 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. అయితే పోటీ నిబంధనలను పరిశీలిస్తే, నైపుణ్యం లేని దారుఢ్యం ఎంత త్వరగా వృథా అవుతుందో అర్థమవుతుంది.

అగ్రశ్రేణి పోటీల్లో ఒక సైకిల్‌ వెనుక మరొకటి దగ్గరగా సాగవచ్చు. ముందున్నవారు గాలిని చీల్చుకుంటూ వెళతారు కనుక వెనుకనున్నవారికి శ్రమ తగ్గుతుంది. దీనినే డ్రాఫ్టింగ్‌ అంటారు. ఈతలో కొన్ని సెకన్లు వెనుకబడి ముందు బృందాన్ని అందుకోలేకపోయినవారు ఒంటరిగా గాలితో పోరాడవలసి వస్తుంది. ముందున్నవారు ఒక పూర్తి చుట్టు అధికంగా తిరిగి వారిని దాటేస్తే, పోటీ నుంచి తప్పుకోవలసిందే. ఎంత బాగా పరుగెత్తగలిగినా ఆ పరుగుకు అవకాశమే రాదు.

కొలనుకు, నదికి తేడా

ఈత కొలనులో అడుగున గీతలుంటాయి, ఎవరి వరుస వారిదే. చెరువులో, సముద్రంలో అవేవీ ఉండవు. తల ఎత్తి దూరాన తేలుతున్న గుర్తులను చూసుకుంటూ, పదుల సంఖ్యలో ఈతగాళ్ల మధ్య దారి చేసుకోవాలి. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో సెన్‌ నది ప్రవాహానికి ఎదురీదేటప్పుడు పలువురు ఒడ్డు గోడకు దగ్గరగా సాగారు. ఉద్ధృతి ఎక్కడ తక్కువగా ఉంటుందో గ్రహించడం కూడా ఈతలో భాగమే. నీటి నాణ్యత బాగాలేక అక్కడ పురుషుల పోటీని ఒక రోజు వాయిదా వేయవలసి వచ్చింది.

ఒక విభాగం నుంచి మరొక విభాగానికి మారే దశ మరో పరీక్ష. ఆ సమయమూ మొత్తంలో కలుస్తుంది. సైకిల్‌ను స్టాండు నుంచి తీయకముందే హెల్మెట్‌ పట్టీ బిగించాలి. నిర్ణీత గీత దాటిన తరువాతే సైకిల్‌ ఎక్కాలి. పొరపాటు జరిగితే జరిమానా తప్పదు. నలుగురు సభ్యుల రిలేలో జట్టు మొత్తం మీద ఇటువంటి మార్పులు ఎనిమిది ఉంటాయి. ఒక్కొక్కచోట ఐదు సెకన్లు కోల్పోతే మొత్తం 40 సెకన్లు పోయినట్టే. పారిస్‌ రిలేలో జర్మనీ, అమెరికా, బ్రిటన్‌ జట్లు క్షణాల తేడాతో ముగింపు గీతను చేరాయి.

కొద్ది రోజుల శిబిరం చాలుతుందా?

భారత్‌లో ఈ క్రీడను ఎంచుకునేవారిలో చాలామంది ఈత నుంచో, పరుగు నుంచో వస్తారు. వారి శిక్షకులు కూడా ఆ ఒక్క క్రీడకు చెందినవారే అయి ఉంటారు. అందువల్ల మూడింటినీ కలిపి నేర్చుకునే అవకాశం తరచుగా శిబిరంలోనే లభిస్తుంది. బృందంలో సైకిల్‌ తొక్కడం, మలుపులో వేగాన్ని అదుపు చేయడం, సైకిల్‌ దిగిన వెంటనే బరువెక్కిన కాళ్లతో పరుగు అందుకోవడం అక్కడ పరిచయమవుతాయి. కానీ పరిచయం అలవాటుగా మారాలంటే నెలల తరబడి సాధన కావాలి. పిల్లలతోపాటు వారి స్థానిక శిక్షకులకూ శిబిరంలో చోటు కల్పిస్తే, అక్కడి పాఠం ఊరికి చేరుతుంది.

ప్రతిభ ఏ ఒక్క ప్రాంతానికో పరిమితం కాదు. 2025 జనవరిలో హల్ద్వానీలో జరిగిన జాతీయ క్రీడల ట్రయథ్లాన్‌లో పురుషుల స్వర్ణం మణిపుర్‌కు, మహిళల స్వర్ణం మహారాష్ట్రకు దక్కాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్ని వసతులున్నాయి. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో ఈత సముదాయం నిర్మించారు. అవుటర్‌ రింగ్‌ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్‌ మార్గం 2023లో ప్రారంభమైంది. ఇటువంటి వసతులను ఒకే శిక్షణ ప్రణాళిక కిందకు తేవడం కొత్త స్టేడియం కట్టడంకన్నా తక్కువ ఖర్చుతో కూడిన పని.

ఖరీదైన సైకిల్‌ కొనలేని కుటుంబాల పిల్లలకు ఈత, పరుగు మాత్రమే ఉండే ఆక్వాథ్లాన్‌ తొలిమెట్టు కాగలదు. అయితే భద్రతలో రాజీ కుదరదు. ఏటా వేలాది మంది నీట మునిగి మరణిస్తున్న దేశంలో బహిరంగ జలాల్లోకి పిల్లలను దించే ముందు రక్షక ఈతగాళ్లు, పడవలు సిద్ధంగా ఉండాలి. నీటిలోకి దిగినవారిని, బయటకు వచ్చినవారిని లెక్కించాలి. సైక్లింగ్‌ సాధనకు వాహనాలు తిరగని మార్గం ఉండాలి.

ఎందరు హాజరయ్యారన్న లెక్కతో శిబిరం విజయాన్ని అంచనా వేయడం తేలిక. శిబిరం ముగిసిన మూడు నెలల తరువాత ఆ పిల్లలు ఎక్కడ ఈదుతున్నారు, ఎవరి పర్యవేక్షణలో సైకిల్‌ తొక్కుతున్నారు అనే వివరాలను కూడా నిర్వాహకులు నమోదు చేస్తే, తదుపరి శిబిరంలో ఏమి నేర్పాలో వారికే తెలుస్తుంది.