9 గోల్స్ వీరుడికి సున్నా ఎందుకొచ్చింది?

2019 ఫిబ్రవరి 1. అబుదాబిలో ఆసియా కప్ ఫైనల్. 12వ నిమిషంలో గోల్‌కు వీపు పెట్టి నిలబడ్డ 22 ఏళ్ల కుర్రాడు బంతిని పైకి లేపాడు. గాల్లో వెనక్కి పల్టీ కొడుతూ జపాన్ నెట్‌లోకి తన్నాడు. అతడే ఖతార్ స్ట్రైకర్ అల్మోయెజ్ అలీ. ఆ టోర్నీలో అతడికది 9వ గోల్. 1996లో ఇరాన్ దిగ్గజం అలీ దాయీ కొట్టిన 8 గోల్స్ రికార్డు బద్దలైంది. కప్పు ఖతార్‌దే.

సీన్ కట్ చేస్తే 2022 నవంబరు. సొంతగడ్డపై ప్రపంచకప్. ఖతార్ ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది. అలీ ఖాతాలో ఒక్క గోలూ లేదు. కోచ్ కూడా అదే ఫెలిక్స్ శాంచెజ్. మరి తేడా ఎక్కడొచ్చింది? ఉద్యోగ వేటలో ఉన్న మీరు ఒకసారి ఆలోచించాల్సిన ప్రశ్న ఇది.

పునాది గట్టిదే

అలీ పుట్టింది సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో. ఆట నేర్చింది దోహాలోని ఆస్పైర్ అకాడమీలో. ప్రభుత్వ డబ్బు, విదేశీ కోచ్‌లు, మంచి మైదానాలు... అన్నీ దొరికాయి. టీనేజ్‌లోనే బెల్జియం, ఆస్ట్రియా, స్పెయిన్ క్లబ్‌లకు వెళ్లాడు. కాబట్టి ‘కష్టపడితే చాలు’ అనే కథ కాదిది. అవకాశం కూడా కలిసొచ్చింది. 2019 తర్వాతా ఆగలేదు. కోపా అమెరికాలో పరాగ్వేపై గోల్ కొట్టాడు. 2021 గోల్డ్ కప్‌లో 4 గోల్స్‌తో టాప్ స్కోరర్ అయ్యాడు.

శిబిరం వేరు, బరి వేరు

ప్రపంచకప్‌కు ముందు ఖతార్ ఆటగాళ్లను నెలల తరబడి క్లబ్ మ్యాచ్‌లకు దూరంగా ఉంచి, యూరప్‌లో శిబిరాలు నడిపారు. స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడారు. కానీ ఓడితే పోయేదేమీ లేని ఆటకు, ఓడితే ఇంటికెళ్లే ఆటకు చాలా తేడా. పైగా ఎదురుగా ఈక్వెడార్, సెనెగల్, నెదర్లాండ్స్. ఓటమికి ఇదొక్కటే కారణమని చెప్పలేం. కానీ ఇదీ ఒక కారణమని చాలామంది విశ్లేషకుల మాట.

ఇప్పుడు మీ సంగతి చూడండి. అశోక్‌నగర్ గదిలో కూర్చుని రాసిన మాక్ టెస్టులో వచ్చిన 120 మార్కులు ఎవరితో పోటీపడి తెచ్చుకున్నవి? టైమర్ పెట్టారా? ఇంటర్వ్యూ ప్రాక్టీస్ ఫ్రెండ్ ముందేనా, మొహమాటం లేకుండా తప్పులు పట్టే సీనియర్ ముందా? ప్రిపరేషన్ ఎన్ని నెలలన్నది ఒక్కటే లెక్క కాదు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ చిన్న ఉద్యోగాల ఇంటర్వ్యూలన్నీ వదిలేస్తుంటే మీరూ శిబిరంలోనే ఉన్నట్టు. వచ్చినవాటికి వెళ్లండి. అక్కడ రిజెక్ట్ అయినా అది అనుభవమే.

సున్నా తర్వాత

అలీ కథ 2022తో అయిపోలేదు. 2024 ఫిబ్రవరిలో, దోహాలో ఆసియా కప్ సెమీఫైనల్. ఇరాన్‌తో స్కోరు 2-2. 82వ నిమిషంలో విజయాన్నిచ్చిన గోల్ అతడిదే. ఈసారి టాప్ స్కోరర్ మాత్రం అలీ కాదు, 8 గోల్స్ కొట్టిన సహచరుడు అక్రమ్ అఫీఫ్. అయినా కప్పు మళ్లీ ఖతార్‌కే దక్కింది.

9 వచ్చినప్పుడు అలీ మెస్సీ అయిపోలేదు. సున్నా వచ్చినప్పుడు ఆట మర్చిపోనూ లేదు. మీ రిజల్ట్ షీట్‌నూ అలాగే చదవండి. ఎంత వచ్చిందో చూశాక, ఎవరి మీద వచ్చిందో కూడా చూడండి.