ఆర్కిటెక్చర్ సీటుకు అడ్డొస్తున్నది తెలివా, సాధనా?

ఇంటర్‌లో లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లలు సైతం ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్షలో తడబడుతున్నారు. అక్కడ అడిగేది లెక్కలొక్కటే కాదు. ఒక దిమ్మె బొమ్మ ఇచ్చి, దాన్ని వెనక్కి తిప్పితే ఎలా కనిపిస్తుందో చెప్పమంటారు. వస్తువును మనసులోనే తిప్పి చూడాలి.

ఇల్లు లేవకముందే దాన్ని చూడగలగడం ఆ వృత్తికి ప్రాణం గనుక అలా అడగడంలో తప్పులేదు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ 2006 నుంచి జరుపుతున్న ‘నాటా’ పరీక్షలో 2025లో మొత్తం 200 మార్కులకు 80 చేతిపనికే కేటాయించారు. అందులో 30 మార్కులకు, హాల్లో ఇచ్చిన సామగ్రితో ఒక ఆకృతిని అక్కడికక్కడే తయారుచేయాలి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చేరాలంటే జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు రాయాలి. 2025లో అందులోని 400 మార్కుల్లో లెక్కలకు దక్కినవి 100. యాప్టిట్యూడ్‌కు 200, డ్రాయింగ్‌కు 100.

ఇంతకూ ఈ నేర్పు పుట్టుకతో రావలసిందేనా? కాదు. అమెరికాలోని మిచిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో షెరిల్ సార్బీ 1993లో కొత్తగా చేరిన ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇటువంటి పరీక్షే పెట్టారు. తప్పినవారిలో ఆడపిల్లల పాలు ఎక్కువ. వారికి దిమ్మెలు పేర్చి, తిప్పి, గీయడం నేర్పగా మళ్ళీ పెట్టిన పరీక్షలో బాగా మెరుగుపడ్డారు. అంటే ఆ పరీక్ష తూచేది తెలివినే కాదు, సాధనను కూడా.

ఆ సాధన మన పిల్లలకు ఎక్కడ దొరుకుతున్నది? పట్నంలో కోచింగుకు వెళ్ళే కుర్రాడు నెలల తరబడి ఇవే గీస్తాడు. మన ఊరి పిల్ల అటువంటి ప్రశ్నను మొదటిసారి చూసేది పరీక్ష హాల్లోనే. బడిలో డ్రాయింగ్ పీరియడ్ ఉంటే అది కాస్తా లెక్కల మాస్టారి ఖాతాలో పడుతుంది. రెండు కొయ్యలు కలిసేచోటును కోయకముందే చూడగలిగిన వడ్రంగులున్న ఊళ్ళలో ఈ పరిస్థితి విడ్డూరమే. ఆ వడ్రంగిని నెలకొక్కసారి బడికి పిలిచినా కొంత నయం.

దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. బంగాళాదుంపను పాచిక ఆకారంలో కోయండి. ఒక మూలను ఏటవాలుగా తీసేస్తే కోతపడిన ముఖం త్రికోణం. అదే ఏటవాలున పాచిక నడిమధ్యకు కోస్తే ఆరు భుజాల బొమ్మ వస్తుంది. కత్తి పెట్టకముందే ఆ బొమ్మను పిల్లలచేత గీయించాలి. ఎనిమిదో తరగతి నుంచే మొదలుపెట్టవచ్చు.