వట్టం తగ్గించుకునే దారి

“అమ్మాయి పురిటికి డల్లాస్ వెళుతున్నాను. నాలుగు నెలలు ఉంటాను. నాకు పింఛను వస్తుంది కనుక డబ్బుకు లోటు లేదు. కాని అక్కడ ఏ.టి.ఎం.లో తీస్తే సగం డబ్బు ఛార్జీలకే పోతుందని పక్కింటివారు బెదరగొట్టారు. అలాగని గుడిలో హుండీలో వెయ్యడానికీ, పుట్టబోయే పసివాడికి గిలక కొనడానికీ అల్లుడిగారిని అడగలేను కదా! ఏం చెయ్యమంటారు?” అంటూ తెనాలి నుంచి రిటైరైన టీచరుగారొకరు వ్రాశారు.

అమ్మా, సగం పోదు లెండి. కాని తెలియకుండా తీస్తే ఆరో వంతు పోయే మాట మాత్రం నిజం. ఎలా పోతుందో తెలిస్తే తగ్గించుకోవడం కష్టం కాదు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి బ్యాంకు లెక్కలెందుకని నవ్వకండి. ఒక డబ్బును మరో డబ్బులోకి మార్చినందుకు షరాబు పట్టుకునేదానికి మన పాత మాట ఒకటున్నది—వట్టం. దీనికోసం సముద్రాలు దాటనక్కర లేదు. 1950 తర్వాత కొన్నేళ్ళపాటు హైదరాబాదులో హాలీ సిక్కా, ఇండియా రూపాయి పక్కపక్కనే నడిచాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయలు లెక్క. 1959లో హాలీ చెల్లుబాటు పూర్తిగా ఆగిపోయింది. షరాబు పోయినా వట్టం పోలేదు. ఇప్పుడది గోడలోని యంత్రంలో కూర్చున్నది. అయితే షరాబు ఒక్కడే పట్టుకునేవాడు; యంత్రం దగ్గర మూడు కోతలు పడతాయి.

మొదటిది ఆ యంత్రం సొంతదారు తీసుకునేది. అమెరికాలో ఇది సాధారణంగా మూడు డాలర్లో, కాస్త పైనో ఉంటుంది. రెండోది మన బ్యాంకు ఒక్కొక్కసారికి ఇంత అని వేసే రుసుము. చాలా బ్యాంకుల్లో 125, 150 రూపాయల ప్రాంతంలో ఉంటుంది. మూడోది డాలరును రూపాయల్లోకి మార్చినందుకు మన బ్యాంకే వేసే మార్కప్. ఇది సాధారణంగా 2 నుంచి 3.5 శాతం. బ్యాంకు వేసే ఈ రెండింటి మీదా 18 శాతం జి.ఎస్.టి. అదనం.

లెక్క వేసి చూద్దాం. డాలరు 90 రూపాయలనీ, యంత్రం 3 డాలర్లు పట్టుకుంటుందనీ, బ్యాంకు రుసుము 150 రూపాయలనీ, మార్కప్ 3.5 శాతమనీ అనుకోండి. మీరు 40 డాలర్లు తీశారు. అంటే 3,600 రూపాయలు. యంత్రానికి 270, పన్నుతో కలిపి బ్యాంకు రుసుము 177, మార్కప్, దాని మీద పన్ను కలిపి 160. మొత్తం 607 రూపాయలు. ఆరో వంతు అన్నది ఇదే. అదే 400 డాలర్లు ఒక్కసారే తీస్తే? యంత్రానికి అదే 270, రుసుము అదే 177, మార్కప్ మాత్రం పెరిగి పన్నుతో సుమారు 1,498. మొత్తం 1,945. నూటికి అయిదున్నర కూడా కాలేదు. ఆ 400 డాలర్లనే నలభై చొప్పున పదిసార్లు తీస్తే 6,070 రూపాయలు పోతాయి. చారెడు చారెడు కొలిపించుకుని ప్రతిసారీ కొలతకూలి ఇచ్చినట్లు!

కాబట్టి మొదటి సూత్రం: తక్కువసార్లు తీయండి, తీసినప్పుడు నెలకు సరిపడా తీయండి. తీసినదాన్ని ఇంట్లో పెట్టుకుని, చేతిసంచిలో ఆ రోజుకు కావలసినదే ఉంచుకోండి.

రెండో సూత్రం: కార్డు చెల్లేచోట నోటు తీయకండి. దుకాణంలో డెబిట్ కార్డుతో నేరుగా చెల్లిస్తే మార్కప్ ఒక్కటే పడుతుంది. యంత్రం వాటా, నోట్లు తీసినందుకు బ్యాంకు వేసే రుసుము రెండూ తప్పుతాయి. అమెరికాలో కూరగాయల దగ్గరనుంచి గిలక్కాయ వరకూ కార్డుతో కొనవచ్చును. నోట్లు కావలసింది హుండీకీ, హారతి పళ్ళేనికీ, పిల్లల చేతిలో పెట్టడానికీ. ఈ మాత్రానికి ఇక్కడే, విమానాశ్రయంలో కాకుండా ఊళ్ళోని అధీకృత డీలరు దగ్గరో, బ్యాంకులోనో కొన్ని డాలర్లు కొనుక్కుని వెళ్ళండి. రెండు మూడు చోట్ల ధర అడిగి మరీ కొనండి. అమెరికా ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకూ తీసుకోవచ్చును. తిరిగి వచ్చాక మిగిలినవి 180 రోజుల్లోగా బ్యాంకుకు అమ్మేయాలి. 2,000 డాలర్ల దాకా మాత్రం దగ్గర ఉంచుకోవచ్చు.

మార్కప్ తగ్గించుకోవాలంటే బయలుదేరకముందే వెతుక్కోవాలి. మార్కప్ లేని కార్డులు కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి. లేదా ఫారెక్స్ కార్డు ఉన్నది: ఇక్కడే రూపాయలు కట్టి డాలర్లు నింపుకుంటాము, అక్కడ డాలర్లలోనే ఖర్చవుతుంది, కనుక మార్కప్ ఉండదు. అయితే దీన్నీ కళ్ళు మూసుకుని నమ్మకూడదు. నింపేటప్పటి ధరలోనే కొంత వట్టం కలిపి ఉంటుంది. నోట్లు తీస్తే దీనికీ రుసుము ఉన్నది. డాలర్లు నింపిన కార్డును దారిలో దుబాయిలో గీకితే మరో మార్పిడి, మరో కోత.

ఇక అన్నిటికంటె మాయ చేసేది ఇంకొకటున్నది. కొన్ని యంత్రాల తెర మీద, “మీ ఖాతాలో రూపాయల్లోనే వ్రాయమంటారా?” అన్న ప్రశ్న వస్తుంది. పరాయిదేశంలో మన రూపాయి కనిపించగానే మేనమామ కనిపించినంత సంతోషం కలుగుతుంది. అక్కడే ఉన్నది మోసం. అలా ఒప్పుకుంటే ధర నిర్ణయించేది ఆ యంత్రం తరఫువారు. అది మన బ్యాంకు ధరకంటె ఎక్కువగా ఉండడమే మామూలు. పైగా చాలా బ్యాంకులు దాని మీద కూడా తమ మార్కప్ వేస్తాయి. యంత్రమైనా, దుకాణమైనా డాలర్లలోనే అనండి. రూపాయలు వద్దన్నంత మాత్రాన పని ఆగదు, డబ్బు వస్తుంది.

క్రెడిట్ కార్డుతో మాత్రం నోట్లు తీయకండి. దానికి వేరే రుసుము, తీసిన రోజునుంచే వడ్డీ.

ప్రయాణానికి వారం ముందు మరొక్క పని. 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మనం అడిగితే తప్ప విదేశాల్లో పనిచెయ్యవు. బ్యాంకుకు వెళ్ళిగాని, ఫోనులోగాని ఆ సౌకర్యం తెరిపించుకుని, రోజుకు ఎంత తీయవచ్చో పరిమితి పెట్టించుకోండి. బ్యాంకు సందేశాలు వచ్చే ఫోను నంబరు అక్కడా పనిచేసేట్లు చూసుకోండి. కార్డులు రెండు ఉంటే ఒకే సంచిలో పెట్టకండి.

ఈ శీర్షికకు వ్రాసే ఆడవాళ్ళలో చాలామందికి ఇంకొక చిక్కు ఉన్నది. ఖాతా ఇద్దరి పేరా ఉంటుంది, కార్డు మాత్రం ఆయన జేబులో ఉంటుంది. ఆయన ఇక్కడ, ఆమె అక్కడ! అలాంటివారు ముందు తమ పేర తాము కార్డు తీసుకోవాలి. ఛార్జీ సంగతి ఆ తర్వాతి మాట.

ఛార్జీలు దండగన్న భయంతో చేతిలో పైసా లేకుండా నాలుగు నెలలు గడిపేవారు ఉన్నారు. ప్రతి చిన్నదానికీ పిల్లల మొహం చూస్తూ, అడగలేక కోరికలు చంపుకుంటూ ఉంటారు. పిల్లలు ఇవ్వరని కాదు, అడగడమే కష్టం. నలభై ఏళ్ళు సొంత జీతం మీద బ్రతికిన మనిషికి అది మరీ కష్టం. తగ్గించుకోగలిగినదంతా తగ్గించుకోగా మిగిలిన ఆ కొంచెం వట్టం మీ స్వతంత్రానికి మీరు ఇచ్చుకునే ధర అనుకోండి. దానికి మాత్రం లోభించకండి.