నలభై ఏళ్లలోపు గర్భసంచి ఆపరేషన్‌కు రెండో డాక్టరు సంతకం ఉండాలి



ఈ కాగితం చివరిదాకా చదవండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. ఇంట్లో మగవాళ్లకు కూడా ఇవ్వండి. ఆసుపత్రికి అప్పు తెచ్చేదీ, కాగితాల మీద సంతకం పెట్టేదీ చాలాసార్లు వాళ్లే.

ముప్పై, ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు మన వాడకట్టులో ఎంతమంది ఉన్నారో ఒక్కసారి లెక్కపెట్టండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగినప్పుడు, దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి 3.2 మంది అని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. 2019-21 సర్వేలోనూ మనమే ముందున్నాం. 2015-16 సర్వే ప్రకారం దేశంలో ఆపరేషన్ అయినవాళ్లలో సగం మందికి అప్పటికి 34 ఏళ్లు కూడా దాటలేదు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. తెలుగు ఆడదాని ఒంట్లో ఇంత ప్రత్యేకమైన జబ్బేదీ లేదు. మనకు అందుతున్న వైద్యంలోనే తేడా ఉంది.

ఇది ఎలా జరుగుతుందో మనందరికీ తెలుసు. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకముందే పిల్లల ఆపరేషన్. ఆ తర్వాత తెల్లబట్ట, నడుం నొప్పి, నెలకు రెండుసార్లు ముట్టు. నాట్లలో, కలుపులో వంగి పనిచేసే మనిషికి నడుం నొప్పి రావడానికి గర్భసంచే కారణం కానక్కరలేదు. అయినా ఊళ్లో ఆర్ఎంపీ పట్నంలోని ఆసుపత్రికి పంపుతాడు. స్కానింగ్ తీస్తారు. "సంచి వాచింది, పుండు పడింది, ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అంటారు. ఆ ఒక్క మాటతో ఇల్లంతా వణికిపోతుంది. "పిల్లలు పుట్టేశారుగా, ఇంక ఆ సంచితో పనేముంది" అని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. వారం తిరక్కుండా ఆపరేషన్ అయిపోతుంది.

తెల్లబట్ట ముదిరి క్యాన్సర్‌గా మారదు. నెలలో కొన్ని రోజులు నీళ్లలా, జిగురుగా అవడం ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లందరికీ సహజమే. రంగు మారినా, దుర్వాసన వచ్చినా, దురద పెట్టినా అది సాధారణంగా ఇన్ఫెక్షన్. చాలావాటికి మాత్రలతో నయమవుతుంది. కొన్ని ఇన్ఫెక్షన్లకు భర్త కూడా మందు వాడాలి, లేకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది. మనకు జరగనిది అదే: భర్తకు మందివ్వరు, భార్య గర్భసంచి తీసేస్తారు. "పుండు" అని చెప్పేది చాలామంది వయసులో ఉన్న ఆడవాళ్లకు గర్భసంచి మూతి దగ్గర మామూలుగా కనిపించే ఎరుపే. దానికోసం సంచి తీయనక్కరలేదు. అనుమానం ఉంటే గర్భసంచి మూతికి పరీక్ష ఉంది. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అది ఉచితంగా చేయాలని జాతీయ కార్యక్రమమే ఉంది. క్యాన్సర్ భయం పెట్టినవాళ్లను ముందు ఆ పరీక్ష రిపోర్టు చూపించమని అడగండి.

ఎక్కువ రక్తస్రావం సంగతి చూద్దాం. ఆపరేషన్‌కు కారణంగా సర్వేలో సగానికి పైగా మంది చెప్పింది ఇదే. ఇది నిజమైన బాధ, ఓర్చుకోమని ఎవరూ అనకూడదు. కానీ దీనికి కారణాలు చాలా ఉన్నాయి: థైరాయిడ్, హార్మోన్ల తేడా, చిన్న కండ పెరగడం, గడ్డలు, రక్తం గడ్డకట్టడంలో లోపం. ఏ కారణమో తెలుసుకుంటే దానికి తగిన వైద్యం ఉంది. ముట్టు రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తాయి. హార్మోన్ మాత్రలున్నాయి. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఒకసారి పెడితే అయిదేళ్లు పనిచేస్తుంది. కండ పెరిగితే దాన్ని ఒక్కదాన్నే తీయవచ్చు. చిన్న గడ్డలు ఎందరికో ఉంటాయి, చాలాసార్లు ఏ ఇబ్బందీ పెట్టవు, ముట్లుడిగాక వాటంతట అవే కుంచించుకుపోతాయి. సంచి కిందికి జారితే లోపల రింగు పెట్టే పద్ధతి ఉంది, మొదట్లోనే అయితే వ్యాయామాలున్నాయి. రక్తం తగ్గి నీరసపడినవాళ్లకు ముందు కావలసింది ఐరన్.

గర్భసంచి తీసేశాక ఏమవుతుందో కూడా ఆసుపత్రిలో చెప్పరు. సంచితోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే, యాభై ఏళ్లకు రావలసిన మార్పు ముప్పైలోనే ఒక్కరోజులో వచ్చి పడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, కీళ్ల నొప్పులు మొదలవుతాయి. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లుడిగే వయసు ముందుకొస్తుంది. కూలికి వెళ్లే మనిషి పని తగ్గితే ఆపరేషన్ అప్పు తీర్చేదెవరు?

గర్భసంచి ఆపరేషన్ వద్దని మేము అనడం లేదు. గర్భసంచికి, దాని మూతికి క్యాన్సర్ వస్తే, ప్రసవంలో రక్తం ఎంతకీ ఆగకపోతే, గడ్డలు బాగా పెరిగి మందులకు లొంగకపోతే అది ప్రాణం నిలబెడుతుంది. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. అవసరం లేని కోతను ఆపమనే మేము అడుగుతున్నాం.

దేశ అత్యున్నత న్యాయస్థానం కూడా ఈ మాటే చెప్పింది. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలుచేయాలని ఆదేశించింది. వాటి ప్రకారం జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. అనవసరంగా గానీ, రోగికి విషయం వివరించి ఒప్పుకోలు తీసుకోకుండా గానీ గర్భసంచి తీసినట్టు తేలితే ఆ ఆసుపత్రిని బ్లాక్‌లిస్టులో పెట్టాలని కోర్టు చెప్పింది. ఆ మూడు నెలల గడువు ఎప్పుడో దాటింది. మీ జిల్లా కమిటీ ఎక్కడ కూర్చుంటుందో, అందులో ఎవరున్నారో మీకెవరైనా చెప్పారా?

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. నలభై ఏళ్లలోపు మహిళకు గర్భసంచి తీయాలంటే, ఆ ఆసుపత్రితో సంబంధం లేని మరో గైనకాలజిస్టు చూసి, కారణం తెలుగులో రాసి సంతకం చేయాలి. ప్రసవ సమయంలో ప్రాణాపాయం వంటి అత్యవసరాలకు మాత్రమే మినహాయింపు ఉండాలి. తీసిన ప్రతి గర్భసంచి ల్యాబ్ రిపోర్టు ఆ మనిషి చేతికివ్వాలి. ఏ ఆసుపత్రిలో, ఏ వయసువాళ్లకు, ఎన్ని ఆపరేషన్లు జరిగాయో జిల్లా కమిటీ మూడు నెలలకోసారి బయటపెట్టాలి. రెండో డాక్టరు దొరకాలంటే ప్రతి ఏరియా ఆసుపత్రిలో గైనకాలజిస్టు, స్కానింగ్, హార్మోన్ లూప్ ఉండాలి. ఇవి లేకుండా నిబంధన ఒక్కటే పెడితే పేదవాళ్లకు బస్సు చార్జీలు తప్ప ఏమీ మిగలదు.

ఆపరేషన్ చెప్పగానే ఒప్పుకోకండి. రిపోర్టులన్నీ అడిగి తీసుకోండి, అవి మీ హక్కు. ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పి ప్రభుత్వ ఆసుపత్రిలో రెండో మాట వినండి. వచ్చే మహిళా సంఘం మీటింగులో ఈ కరపత్రం చదివి తీర్మానం రాయండి, అందరూ సంతకాలు పెట్టండి, వేలిముద్ర అయినా సరే. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కు పదిమంది కలిసి వెళ్లి ఆ తీర్మానం కలెక్టరుకు ఇవ్వండి, ఒక నకలు జిల్లా వైద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.