బొమ్మ యెవరి సొత్తు?

గోడకు వ్రేలాడుచున్న పాత బొమ్మను జూచి, దాని వెల యెంతయని యడుగువారు పెక్కుమంది కలరు. అది యెవరికొఱకు, ఏ పనికొఱకు గీయబడినదని యడుగువారు మిక్కిలి తక్కువ. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా దేశపు పత్రికలకును పుస్తకములకును బొమ్మలు గీసిన చిత్రకారుల మూలచిత్రములను నేడు ధనవంతులు పోటీపడి కొని కూడబెట్టుచున్నారు. కొనుట తప్పని నేననను. కొన్నవారు లేకున్న నేటికి మిగిలిన వానిలో ననేకము ఏనాడో మట్టిపాలయ్యెడివి. కాని కొన్నదానిని గదిలో బెట్టి తాళము వేయుట తప్పు. పేరుమ్రోగిన వారి బొమ్మలనే యేరుకొని తక్కినవారిని తలపకుండుట తప్పు. అంచులు గోసి, అందముగా బిగించి, దాని పుట్టుపూర్వోత్తరములను మాపుట అంతకంటెను తప్పు. కాగితమునకు యజమాని యుండవచ్చును. ఆ కాగితము చెప్పు సాక్ష్యమునకు మాత్రము యజమాని యుండరాదు. ఇదియే నా వాదము.

దీనికి మొట్టమొదట వినవచ్చు ఆక్షేపణ యొకటి కలదు. "ఆ బొమ్మలన్నియు అచ్చుపడినవే గదా! వేలకొలది ప్రతులు లోకమున వ్యాపించినవే గదా! ఇక మూలముతో మనకేమి పని?" యని కొందఱందురు. ఆ కాలమున బొమ్మ అచ్చుపడు విధమెఱిగినవా రీ మాట యనజాలరు. చిత్రకారుడు తెల్లపూత పూసిన గట్టి కఱ్ఱదిమ్మెపై, కుడియెడమలు తాఱుమాఱుగా, తన బొమ్మను గీసెడివాడు. పిమ్మట చెక్కడపు పనివాడు, కాగితముపై తెల్లగా నుండవలసిన చోట్లనెల్ల సన్నని యుక్కు పనిముట్టుతో తొలిచివేసెడివాడు. దిమ్మె సిద్ధమగునప్పటికి చిత్రకారుడు గీసిన గీత యొక్కటియు మిగిలెడిది కాదు. బొమ్మ పెద్దదైనచో చిన్నదిమ్మెలను మరలతో బిగించి గీయించి, వానిని మరల విడదీసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క పనివాని కిచ్చి, త్వరత్వరగా చెక్కించెడివారు. ఆకాశమొకనిది, గుఱ్ఱమొకనిది, దానిపై రౌతు మఱియొకనిది! కావున నాటి పత్రికలో మనము చూచునది చిత్రకారుని చేయి కాదు. ఆ చేతిని మఱికొన్ని చేతులు చదివిన తీరు. 1870వ దశకమున బొమ్మను ఛాయాచిత్రముగా దిమ్మెపైకి దించు పద్ధతి వ్యాపించిన తరువాతనే, కాగితముమీది మూలము చెడక నిలుచుట సాధారణమయ్యెను. మూలము వేఱు, అచ్చు వేఱు. ఒకటి యున్నంత మాత్రమున రెండవది యక్కఱలేదనుట, ఉత్తరము యొక్క సారాంశ మున్నది గావున ఉత్తరమును చింపివేయవచ్చుననుట వంటిది.

1861 మొదలు 1865 వఱకు ఆ దేశమున జరిగిన అంతర్యుద్ధమును దలచుకొనుడు. ఆల్ఫ్రెడ్ వాడ్ అను చిత్రకారుడు 'హార్పర్స్ వీక్లీ' పత్రిక పక్షమున సేనలవెంట దిరిగి, 1863లో గెటిస్‌బర్గు యుద్ధభూమియందుండి పెన్సిలుతో బొమ్మలు గీసెను. ఎడ్విన్ ఫోర్బ్స్ మఱియొక పత్రికకు అట్లే పనిచేసెను. వారి కాగితములు న్యూయార్కునకు బోయి, అక్కడ యుద్ధమును కన్నులార చూడని పనివారి చేతిలో చెక్కడములయ్యెను. చెక్కువారికొఱకు వాడ్ తన బొమ్మలపైననే అక్కడక్కడ సూచనలు వ్రాసెను. యుద్ధమును చూచిన కన్నునకును చదువరి చూచిన పుటకును నడుమ నేమి జరిగినదో తెలిసికొనుటకు ఈ మూలములే యాధారము. వీనిలో వేయికి మించిన చిత్రములను కొని యుంచుకొన్నది మోర్గన్ అను ధనికుల కుటుంబము. అవి వారి సొంత సొత్తు; అమ్ముకొన్నను దాచుకొన్నను అడుగువారు లేరు. అయినను 1919లో వానిని ఆ దేశపు కాంగ్రెసు గ్రంథాలయమున కిచ్చివేసిరి. సేకరించుట యెట్లు ముగియవలెనో తెలుపుట కింతకంటె మంచి నిదర్శనమేల?

ఇక రెండవ దురాచారమునకు వత్తము. దీనిని దురాచారమనియే యనవలెను; ఏలయన నిది కళాలోకములోని కులభేదము. నూనెరంగులతో గుడ్డపై వ్రాసినవాడు అగ్రవర్ణుడట! కథకు బొమ్మ గీసి కూలి పుచ్చుకొన్నవాడు అంటరానివాడట! ఈ భావము చేతనే ప్రచురణకర్తలు అచ్చు ముగిసిన పిమ్మట మూలములను అటకలపై బడవేసిరి. అడిగినవారికి ఊరక యిచ్చిరి. కొన్నిటిని చెత్తలో గలిపిరి. ఈ తూష్ణీభావమునకు ఎక్కువగా బలియైనవారిలో స్త్రీలున్నారు. మేరీ హాలక్ ఫుట్ అను నామె 1847లో జన్మించి, న్యూయార్కులోని కూపర్ యూనియన్‌యందు స్త్రీలకై నడుపబడిన చిత్రకళాపాఠశాలలో విద్య నేర్చెను. 1876లో గనుల పనిచేయు భర్తతో పడమటి సీమకు దరలి, బిడ్డలను బెంచుచు, ఇల్లు నడుపుచు, ఆ సీమ జీవితమును బొమ్మలలోను కథలలోను దూర్పుదేశపు పత్రికలకు బంపుచుండెను. ఆమె యనేక చిత్రములను కఱ్ఱదిమ్మెలపైననే గీసెను. అనగా నామె చేతిపని చెక్కువాని ఉక్కుమొన క్రిందనే మాసిపోయినది. ఇట్టి దశలో ఆమె కాగితమొక్కటి యేనియు మిగిలియున్నచో, దానిని ప్రసిద్ధుని పదిబొమ్మలకంటె జాగ్రత్తగా గాపాడవలదా? సంతలో మాత్రము లెక్క వేఱు. అక్కడ చేవ్రాలునకే వెల.

పేరులేని వారిని విడిచి పేరుగలవారినే పట్టుకొనుటలో నష్టమింకొకటి కలదు. హొవార్డ్ పైల్ మిక్కిలి ప్రసిద్ధుడు. 1883లో 'రాబిన్ హుడ్' కథను తానే వ్రాసి తానే బొమ్మలు గీసినవాడు. కాని అతని గొప్పతన మతని బొమ్మలలోనే లేదు. 1894 మొదలు ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విద్యాలయమున అతడు బోధించినప్పుడు జెస్సీ విల్కాక్స్ స్మిత్, వయొలెట్ ఓక్లీ, ఎలిజబెత్ షిప్పెన్ గ్రీన్ అను యువతులు అతనియొద్ద నేర్చి, తమ చేతిపనితో తాము బ్రదికిరి. గురువు బొమ్మ నొకచోట, శిష్యురాండ్ర బొమ్మలను వేఱొకచోట చెదరగొట్టి, ఒక్కొక్కటి ఒక్కొక్క బీరువాలో బంధించినచో, విద్య చేతినుండి చేతికి బోయిన త్రోవ యెవరికి గనబడును?

"నా ధనము నాది, నా బొమ్మ నాది, నీవెవడ"వని యడుగువారికి విల్మింగ్టను పట్టణపు ప్రజలే ప్రత్యుత్తరము. పైల్ 1911లో ఇటలీదేశమున మరణించెను. మఱుసటి సంవత్సరముననే అతని యూరివా రొక సంఘముగా నేర్పడి, నూటికి మించిన యాతని చిత్రములను అతని భార్యయొద్ద గొని, పట్టణమునకు సొత్తు గావించిరి. నేటి డెలవేర్ చిత్రశాలకు అదియే బీజము. 1932లో విలియం పాటెన్ అను నాయన, తానొకప్పుడు హార్పర్స్ మాసపత్రికకు చిత్రవిభాగమును నడిపినవాడు, పత్రికా చిత్రములకు జాతీయ సంగ్రహమొకటి కావలెనని తలపెట్టెను. చిత్రకారులును వారి కుటుంబములవారును ఉదారముగా నిచ్చిరి. ఆ సంగ్రహమున నేడు నాలుగువేలకు పైగా చిత్రములు కాంగ్రెసు గ్రంథాలయమున నున్నవి. వాని ప్రతిబింబములను అంతర్జాలమున నెవరైనను చూడవచ్చును. వెలుతురు సోకిన కాగితము చెడునను నెపముతో తాళము వేయువారి కిక సాకు లేదు. మూలమును చీకటిలో భద్రపఱుపుడు. ప్రతిబింబమును లోకమున కిండు.

అంచుల మాట చెప్పెద. మూలచిత్రపు అంచులయందు సంపాదకుని పెన్సిలు గుర్తులు, ఎంత కొలతకు దగ్గింపవలెనను సూచనలు, పుటసంఖ్యలు ఉండును. తప్పుగీతను గప్పిన తెల్లరంగు బొమ్మలోననే కనబడును. గోడకు సొగసు చాలదని వీనిని గోసివేయువాడు బొమ్మ నలంకరించుట లేదు. సాక్షి నాలుకను గోయుచున్నాడు.

కడపట కష్టమైన ప్రశ్న. మనకు రోత పుట్టించు బొమ్మల నేమి చేయవలెను? థామస్ నాస్ట్ 1871లో న్యూయార్కు నగరధనమును దోచుకొన్న ట్వీడ్ ముఠాను తన వ్యంగ్యచిత్రములతో గడగడలాడించెను. 1876లో పాఱిపోయిన ట్వీడును స్పెయిను దేశమున అతని బొమ్మ నాధారముగ గుర్తించిరి. అదే నాస్ట్ అదే కాలమున ఐరిష్ జాతి బీదలను కోతిమొగములతో జిత్రించెను. 'హకిల్‌బెరీ ఫిన్' నవలకు బొమ్మలు వేసిన కెంబుల్, నీగ్రో జనులను నవ్వులపాలు చేయు బొమ్మలు ఏండ్ల తరబడి గీసెను. ఇట్టివానిని వినోదమని చావడిలో వ్రేలాడగట్టువాడు పాతపాపమును క్రొత్తగా చేయుచున్నాడు. సిగ్గుపడి చించివేయువాడు ఆ పాపము జరుగనేలేదని బుకాయించుటకు దోవ తీయుచున్నాడు. ఈ రెండును గూడవు. అవి గ్రంథాలయమున నుండవలెను. ఎవరిని, ఎందుకు, ఎవరి నవ్వుకొఱకు అవమానించినదియు ప్రక్కన వ్రాసియుండవలెను. పాఠశాల బాలురు వానిని జూచి, చక్కని చేయి గూడ చెడుపని చేయగలదని తెలిసికొనవలెను.

చదువరులారా! మీలో పాత పుస్తకములును బొమ్మలును కూర్చుకొనువారు, దేశమేదైనను, ఈ లెక్కను మీకును వర్తింపజేసికొనుడు. మీ యింట చిత్రకారుడు స్వయముగ గీసిన బొమ్మ యొకటి యున్నచో, అది యే పత్రికకు, ఏ యేట, ఏ కథకు గీయబడినదో ఒక చీటిపై వ్రాసి దానితో జేర్చి యుంచుడు. గీసినది స్త్రీయైన, పేరు మఱుగున బడిన వాడైన, ఆ పేరును మొదట వ్రాయుడు. అంచు గోయకుడు. మీ తరువాత నది యే గ్రంథాలయమునకు జేరవలెనో మీ జీవితకాలముననే నిర్ణయించి, మీ బిడ్డలకు జెప్పుడు. ఇంతపని చేయనివాడు ఎన్ని వేల రూపాయలు పోసి కొన్నను వర్తకుడే యగును గాని కళాపోషకుడు కాడు.