బలం కాదు, ఒడుపు: లింక్స్ వేట చూసి జీవాలున్న రైతు తెలుసుకోవాల్సింది



ఈ మధ్య ఫోన్లలో ఒకే రకం వీడియోలు తెగ తిరుగుతున్నాయి. మంచులో ఒక పెద్ద పిల్లి, తనకంటే పెద్ద జింక మెడ పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. కింద "దీని బలం చూస్తే మతిపోతుంది" అని రాస్తారు. మా ఊరి గ్రూపులో కూడా ఒకాయన పెట్టాడు. వెంటనే ఇంకొకాయన, "ఇట్లాంటిది మన దొడ్లో పడితే ఒక్క జీవం మిగలదు, కనపడితే చంపెయ్యడమే" అన్నాడు.

ఆ జంతువు మన దగ్గర లేదు. మన దేశంలో చూడాలంటే లడఖ్ దాకా పోవాలి. కానీ ఆ మాట మాత్రం మన దగ్గర రోజూ వినేదే. చిరుతని చూసినా అదే మాట, తోడేలుని చూసినా అదే మాట. అందుకే నాలుగు రోజులు కూర్చుని ఈ లింక్స్ గురించి, బాబ్‌క్యాట్ గురించి దొరికినంత చదివాను. చదివాక నాకు తేలింది ఒకటే. చూడాల్సింది దాని బలాన్ని కాదు, అది వేటాడే పద్ధతిని. పద్ధతి తెలిస్తే సగం పైన నష్టం మన చేతుల్లోనే ఆగుతుంది. ఆగని నష్టం మాత్రం రైతు ఒక్కడి నెత్తిన పెట్టకూడదు.

ముందు ఈ జంతువేంటో చెప్తాను. లింక్స్ అంటే పిల్లి జాతిలో ఒక తెగ. చెవుల కొసన నల్ల వెంట్రుకల కుచ్చు, మొండి తోక, ముందు కాళ్ల కంటే పొడుగైన వెనక కాళ్లు. ఇందులో నాలుగు రకాలున్నాయి. యూరప్ నుంచి సైబీరియా, మన హిమాలయాల దాకా ఉండేది అన్నిటికంటే పెద్దది, మగది 18 నుంచి 30 కిలోలు తూగుతుంది. స్పెయిన్, పోర్చుగల్‌లో ఉండే ఐబీరియన్ లింక్స్ అందులో సగం ఉంటుంది. కెనడా లింక్స్ ఇంకా తేలిక, పది కిలోలు అటూ ఇటూ. నాలుగోది అమెరికాలో ఉండే బాబ్‌క్యాట్, అది కూడా మామూలుగా పది కిలోల లోపే.

అంటే వీడియోలో మనల్ని భయపెట్టే జంతువు బరువు మన ఊరి కుక్క బరువు కంటే పెద్ద ఎక్కువేం కాదు. మరి జింకని ఎట్లా పడేస్తుంది?

ఇక్కడే అసలు సంగతుంది. లింక్స్ పరిగెత్తి వేటాడే జంతువు కాదు. తోడేలులాగా మైళ్లకొద్దీ తరిమే దమ్ము దానికి లేదు. పొద్దుగూకే వేళ, రాత్రి, తెల్లవారుజామున చెట్ల చాటునో బండల చాటునో నక్కి, పొట్ట నేలకి ఆనించి, అడుగులో అడుగేసుకుంటూ దగ్గరికి వస్తుంది. ఇరవై, ముప్పై మీటర్ల దూరానికి వచ్చాక ఒక్క ఉరుకు. అందితే అందినట్టు. అందకపోతే కొద్ది దూరం తరిమి వదిలేస్తుంది. చెట్టు మీంచి దూకి చంపుతుందని అక్కడి పాత కథల్లో చెప్తారు గానీ, దాని వేట దాదాపు అంతా నేల మీదే.

అందిన జింకని గోళ్లతో పట్టుకుని గొంతు కొరుకుతుంది. ఊపిరాడకుండా పట్టు బిగించి ఉంచుతుంది. కుందేలు లాంటి చిన్న జంతువైతే మెడ వెనక ఒక్క కాటు చాలు. యూరప్ లింక్స్‌కి ముఖ్యమైన ఆహారం రో అనే చిన్న జింక, అది ఇరవై పాతిక కిలోలుంటుంది. అంటే తనంత బరువున్న జంతువు. బాబ్‌క్యాట్ ఇంకా తెలివైనది. మామూలుగా కుందేళ్లు, ఎలుకలు తిని బతుకుతుంది. చలికాలం మంచు లోతుగా పడి జింకలు కదల్లేక పడుకుని ఉన్నప్పుడు, తనకి నాలుగైదింతల బరువున్న జింక గొంతు కూడా పట్టేస్తుంది. వీడియో తీసినవాళ్లకి బలం కనపడింది. నాకు మాత్రం సమయం చూసుకుని పని చేసే మంచి కూలీ కనపడ్డాడు. ఇది కండ కంటే ఒడుపు మీద నడిచే వేట.

బలమే అన్నిటికీ ఆధారమైతే కెనడా లింక్స్ ఆకలితో చావకూడదు. దానికి మంచు మీద దిగబడకుండా చేటలంత పాదాలున్నాయి. కానీ అది బతికేది దాదాపు ఒకే ఒక్క కుందేలు జాతి మీద. ఆ కుందేళ్లు సుమారు పదేళ్లకోసారి బాగా పెరిగి, తర్వాత కుప్పకూలిపోతాయి. కుందేళ్లు తగ్గిన ఏడాదో రెండేళ్లకో లింక్స్‌లు కూడా తగ్గిపోతాయి, పుట్టిన పిల్లలు బతకవు. హడ్సన్స్ బే కంపెనీ వాళ్లు వందేళ్లకు పైగా రాసి పెట్టుకున్న తోళ్ల లెక్కల్లోనే ఈ ఎగుడుదిగుళ్లు కనిపించాయి. వాన మీద ఆధారపడ్డ మన సేద్యం ఎట్లాగో దానికి కుందేలు అట్లాగ.

ఇక గొర్రెల సంగతికి వద్దాం. లింక్స్ గొర్రెల్ని చంపదా అంటే చంపుతుంది. నార్వేలో ఏటా వేల గొర్రెల నష్టం దీని పేరు మీద రాస్తారు. అక్కడ ఎండాకాలం వస్తే సుమారు ఇరవై లక్షల గొర్రెల్ని, పిల్లల్ని అడవుల్లోకి, కొండల్లోకి వదిలేస్తారు. కాపరి ఉండడు, కుక్క ఉండదు, దొడ్డి ఉండదు. మళ్లీ చలికాలం ముందు పోయి తోలుకొస్తారు. చాటు కావాల్సిన జంతువుకి అడవంతా చాటే. దాని ముందు, తప్పించుకోవడం మర్చిపోయిన గొర్రె. ఇంకేం కావాలి?

అదే రొమేనియాకి పోండి. కార్పాతియన్ కొండల్లో లింక్స్‌లు బాగానే ఉన్నాయి, గొర్రెలు కూడా బాగానే ఉన్నాయి. కానీ అక్కడ పగలు మంద వెంట కాపరులు, పెద్ద పెద్ద కుక్కలు ఉంటాయి. రాత్రి మంద దొడ్డిలో ఉంటుంది. అక్కడి కాపరుల గొడవ తోడేలుతోనూ ఎలుగుబంటితోనూ గానీ, లింక్స్‌తో నష్టం లెక్కలోకి తీసుకునేంత ఉండదు. పిల్లి అదే, బలం అదే. తేడా కాపలాలో ఉంది. కుక్క మొరిగిందంటే లింక్స్ వేట అక్కడితో అయిపోయినట్టే, ఎందుకంటే తనని చూశారని తెలిశాక దాని దగ్గర ఇంకో ఉపాయం లేదు.

ఫ్రాన్స్‌లో జూరా కొండల దగ్గర ఇంకో సంగతి గమనించారు. లింక్స్ దాడులు అన్ని ఊళ్ల మీదా సమానంగా పడలేదు. కొద్ది మేత బీళ్లలోనే మళ్లీ మళ్లీ జరిగాయి. అవి అడవికి ఆనుకుని, ఊరికి దూరంగా, చుట్టూ జింకలు ఎక్కువగా ఉన్న చోట్లు. రైతుల ఒత్తిడికి అక్కడ కొన్ని పిల్లుల్ని తీసేశారు. కొంతకాలం దాడులు తగ్గాయి, తర్వాత ఇంకో పిల్లి వచ్చి అదే బీట్లో పని మొదలుపెట్టింది. చంపెయ్యడమే అనేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి. చాటు అట్లాగే ఉంచి పిల్లిని తీసేస్తే, ఖాళీ అయిన ఇంట్లోకి కొత్తగా అద్దెకి వచ్చినట్టు ఇంకోటి వస్తుంది.

మన పాలమూరు గొల్లకురుమలకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మంద వెంట మనిషి, మనిషి వెంట కుక్క, రాత్రికి ఎవరి చేలోనో మంద కట్టడం, చుట్టూ కంప, పక్కన మంట. ఎరువూ వచ్చే, కాపలా అయ్యే. ఈ పద్ధతి పాతదని చిన్నచూపు చూసేవాళ్లకి చెప్తున్నా, యూరప్‌లో ఇప్పుడు డబ్బిచ్చి మరీ మంద కుక్కల్ని, రాత్రి కంచెల్ని తిరిగి తెప్పిస్తున్నారు. మన దగ్గర చిరుత కూడా పిల్లి జాతే, అది కూడా చాటు నుంచే వస్తుంది. దొడ్డి చుట్టూ పొదలు కొట్టి శుభ్రంగా ఉంచడం, దొడ్డికి పైన కప్పు వేయడం, వెలుతురు పెట్టడం, ఇవి తుపాకీ కంటే ఎక్కువ పని చేస్తాయి.

కానీ ఇక్కడితో ఆపేస్తే రైతుకి అన్యాయం చేసినట్టే. "నువ్వు కాపలా కాసుకో" అని చెప్పడం సులభం. కాపలాకి కూలి ఎవరిస్తారు? కుక్కలకి తిండి ఎవరు పెడతారు? అడవి జంతువుని ఫొటో చూసి మురిసేది పట్నంలో ఉండేవాళ్లు, గొర్రె పోగొట్టుకునేది పల్లెలో ఉండేవాళ్లు. ఈ తేడా ఏ దేశంలో అయినా ఉంది.

బ్రిటన్‌లో లింక్స్ ఎప్పుడో వందల ఏళ్ల కిందటే అంతరించింది. ఇంగ్లండ్ ఉత్తరాన కీల్డర్ అడవిలో ఆరు లింక్స్‌లని వదులుతామని 2017లో ఒక సంస్థ దరఖాస్తు పెట్టింది. గొర్రెల రైతులు గట్టిగా ఎదురు తిరిగారు. 2018 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం కుదరదంది. తర్వాత 2025 జనవరిలో స్కాట్లాండ్ కొండల్లో ఎవరో దొంగచాటుగా నాలుగు లింక్స్‌లని వదిలిపోయారు. అన్నిటినీ పట్టుకున్నారు గానీ ఒకటి చచ్చిపోయింది. ఇది జంతువు మీద ప్రేమా? కాదు. రైతుని అడక్కుండా, ఒప్పించకుండా చేసే పని చివరికి ఆ జంతువు ప్రాణానికే వస్తుంది.

ఒప్పించి చేస్తే ఏమవుతుందో స్పెయిన్‌లో చూడొచ్చు. 2002లో ఐబీరియన్ లింక్స్‌లు వంద కూడా లేవు. కుందేళ్లకి వరసగా రెండు జబ్బులు తగిలి తిండి లేకుండా పోయింది. అప్పుడు వాళ్లు పిల్లితో పాటు దాని తిండిని కూడా పెంచారు, భూముల యజమానులతో ఒప్పందాలు రాసుకున్నారు. 2023 లెక్కకి స్పెయిన్, పోర్చుగల్ కలిపి 2,021 అయ్యాయి. పైగా లింక్స్ తిరిగొచ్చిన చోట నక్కలు, ముంగిసలు బాగా తగ్గాయి. పెద్ద పిల్లి తన ఇలాకాలో చిన్న వేటగాళ్లని ఉండనివ్వదు. కోళ్లున్న రైతుకి ఇది లాభమే గదా.

నాకు అన్నిటికంటే నచ్చింది స్వీడన్ పద్ధతి. అక్కడ ఉత్తరాన సామీ జనం రెయిన్‌డీర్‌లని మేపుకుంటారు, లింక్స్ వాటిని చంపుతుంది. పాత పద్ధతిలో చచ్చిన జంతువు కళేబరం చూపిస్తేనే పరిహారం. మంచులో, అడవిలో కళేబరం ఎక్కడ దొరుకుతుంది? అందుకని 1996 నుంచి లెక్క తిరగేశారు. చచ్చిన రెయిన్‌డీర్‌లని కాకుండా, ఆ ప్రాంతంలో పిల్లలు పెట్టిన లింక్స్‌లని లెక్కపెడతారు. మంచులో అడుగుల గుర్తులు చూసి తేలుస్తారు. ఒక్కో కాన్పుకి 2 లక్షల క్రోనాలు ఆ ఊరి సంఘానికి ఇచ్చేవారు. మన రూపాయల్లో ఇవాళ్టి లెక్కన 15 లక్షల పైమాటే. ఆ డబ్బుతో కాపలా పెంచుకుని నష్టం తగ్గించుకుంటే, మిగిలింది వాళ్లదే. చంపితే మాత్రం వచ్చే ఏడు డబ్బు రాదు. లోపాలు లేవని కాదు, డబ్బు చాలట్లేదని వాళ్లూ అంటారు. కానీ ఆలోచన చూడండి. జంతువు బతికుంటే రైతుకి లాభం.

మన దగ్గర జీవం పోతే ఏం చేస్తాం? కళేబరాన్ని కదపకూడదు, కబురు పెట్టాలి, వచ్చేదాకా కూర్చోవాలి, కాగితాలు పట్టుకుని తిరగాలి. ఒక మేక కోసం నాలుగు రోజుల కూలి పోగొట్టుకోవడం ఎందుకని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ కడుపుమంటలో కొందరు కళేబరం మీద గుళికల మందు చల్లుతారు. పిల్లి జాతికి చంపినదాని దగ్గరికి మళ్లీ వచ్చే అలవాటుంది. లింక్స్ కూడా జింకని ఆకులతోనో మంచుతోనో కప్పి, నాలుగైదు రాత్రులు వచ్చి తింటుంది. మందు పెట్టేవాళ్ల ధైర్యం అదే. కానీ ఆ మందుకి మన కుక్క చస్తుంది, గద్ద చస్తుంది, చెరుకు తోటల్లో తిరిగే అడవి పిల్లి చస్తుంది. ఆ అడవి పిల్లి చెవి కొసన కూడా చిన్న కుచ్చు ఉంటుంది, ఎవరైనా చూసే ఉంటారు. రోజుకి మూడు నుంచి అయిదు ఎలుకల్ని తింటుందని లెక్క కట్టారు. జీతం అడగని పాలేరుని మందు పెట్టి చంపుకుని, తర్వాత ఎలుకల మందు కోసం షాపుకి పోతున్నాం.

కాబట్టి నా మాట రెండు ముక్కల్లో. రైతుగా మన వంతు, వేట పద్ధతి తెలుసుకుని చాటు తీసేయడం, మందని మనిషి లేకుండా వదలకపోవడం, విషం జోలికి పోకపోవడం. ప్రభుత్వం వంతు, పోయిన జీవానికి వారం లోపల డబ్బు ఇవ్వడం, దొడ్డి కప్పుకీ కంచెకీ ముందే సాయం చేయడం, అడవి పక్క ఊళ్లలో జంతువులు బతికి ఉన్నందుకు ఊరికే ఏదో ఒక లాభం చూపించడం. మొదటిది చేయకుండా రెండోది అడిగితే మన మాటకి బరువుండదు. రెండోది ఇవ్వకుండా మొదటిది చెప్తే వాళ్ల మాటకి విలువుండదు.

మీ ఊళ్లలో మందకి, దొడ్డికి ఏ రకం కాపలా పనిచేస్తుందో కింద రాయండి. వీడియోలు పంపకండి, అనుభవం రాయండి. అందరికీ పనికొస్తుంది.